మూడు డిస్ట్రిబ్యూటర్ల ముక్కలతో ఒకటి తయారైంది: చేయి వేసిన అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం.

మా 1965 మోరిస్ మైనర్ 1000 కారు మళ్లీ రోడ్డెక్కింది. స్లోలో వదిలేసినా ఆగకుండా నిలకడగా ఆడుతోంది, ఎక్కుడు రోడ్డు మీద నాకింగ్ (ఇంజిన్‌లో టకటక కొట్టుకునే చప్పుడు) లేకుండా లాగుతోంది. ఇదంతా డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి వరసగా స్పార్క్ పంచే భాగం) బాగుపడటం వల్ల. అది బాగుపడింది మీలో కొందరి వల్ల. పేర్లు రాయొద్దని ముందే గట్టిగా చెప్పారు, అందుకని ఎవరి పేరూ రాయడం లేదు. కానీ ఎవరు ఏం చేశారో మాత్రం వివరంగా రాస్తాను. ఊరికే థాంక్స్ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే వాళ్ల పనితనం ఎవరికీ తెలియకుండా పోతుంది, అది నాకు ఇష్టం లేదు.

కారుతో వచ్చిన లూకాస్ కంపెనీ 25డీ4 మోడల్ డిస్ట్రిబ్యూటర్ పరిస్థితి ఏమీ బాగా లేదు. రోటర్ (పైన తిరుగుతూ స్పార్క్‌ని ఒక్కో ప్లగ్గుకి అందించే ముక్క) తీసి షాఫ్ట్ (మధ్యలో తిరిగే కడ్డీ) కొసని వేలితో కదిపితే అటూ ఇటూ ఊగేది. క్యామ్ (పాయింట్లు అనే చిన్న స్విచ్‌ని తెరిచే నాలుగు మూలల ముక్క) తుప్పు తిని గుంటలు పడింది. ఇంజిన్ పీల్పుతో స్పార్క్ టైమింగ్ మార్చే వాక్యూమ్ యూనిట్‌లో డయాఫ్రమ్ అనే పల్చటి పొర చిరిగిపోయింది. చూపించిన చోటల్లా ఒకటే మాట, దీన్ని పారేసి కొత్తది వేసుకోండి అని. అప్పుడు బాబాయ్ (నేను అలాగే పిలుస్తాను, చాలామందికి ఆయన ఎవరో తెలుసు) ఏళ్ల తరబడి దాచుకున్న రేకు డబ్బా నా చేతిలో పెట్టారు. అందులో ఇంకో రెండు 25డీ4ల ముక్కలున్నాయి. ఒకదాని బాడీ శుభ్రంగా ఉంది కానీ షాఫ్ట్ లేదు. ఇంకోదాని షాఫ్ట్, క్యామ్ బాగున్నాయి కానీ బాడీకి క్యాప్ క్లిప్పు పట్టుకునే చెవి విరిగిపోయింది.

డబ్బా ఇచ్చి ఊరుకోలేదు ఆయన. "ఇవన్నీ ఒకదాన్లో ఒకటి పడతాయి. పట్టినంత మాత్రాన మీ ఇంజిన్‌కి సరిపోయినట్టు కాదు. ముందు నంబర్లు చదువు" అన్నారు. ఈ ఒక్క మాట మీదే పనంతా నడిచింది. 25డీ4 ఎన్నో రకాల నాలుగు సిలిండర్ల ఇంజిన్లకి వేశారు. పైకి అన్నీ ఒకేలా ఉంటాయి. లోపల స్ప్రింగులు, క్యామ్, వాక్యూమ్ యూనిట్ మాత్రం ఏ ఇంజిన్‌కి దానివే. బాడీ పక్కన కొట్టిన ఐదంకెల నంబర్ బట్టి అది ఏ ఇంజిన్ కోసం చేసిందో తెలుస్తుంది, దాని దగ్గరే ఏ వారం, ఏ ఏడాదిలో తయారైందో కూడా ఉంటుంది. బేస్ ప్లేట్ (పాయింట్లు కూర్చునే పళ్లెం) తీసి చూస్తే క్యామ్ అడుగున ఇంకో అంకె ఉంటుంది. స్పీడు పెరిగేకొద్దీ బయటికి విచ్చుకునే లోపలి బరువులు పూర్తిగా విచ్చుకున్నప్పుడు ఎన్ని డిగ్రీల అడ్వాన్స్ (స్పార్క్ ముందుగా పడటం) వస్తుందో చెప్పే అంకె అది. ఆ డిగ్రీలు డిస్ట్రిబ్యూటర్‌వి. డిస్ట్రిబ్యూటర్‌కి రెట్టింపు వేగంతో తిరిగే ఇంజిన్ క్రాంక్ దగ్గర చూస్తే రెట్టింపు. అంటే అక్కడ 10 ఉంటే క్రాంక్ దగ్గర 20. ఈ తేడా పట్టించుకోకుండా మంచి క్యామ్ దొరికింది కదా అని వేసేస్తే ఇంజిన్ స్టార్ట్ అవుతుంది, తిరుగుతుంది కూడా, కానీ లోడు పడ్డప్పుడు నాక్ కొడుతూ పిస్టన్లని తినేస్తుంది.

స్ప్రింగుల సంగతి ఇంకొంచెం చెప్పాలి. బరువులకి రెండు స్ప్రింగులుంటాయి. డబ్బాలో ఒక స్ప్రింగు కొక్కెం పొడుగ్గా ఉంది, తగిలిస్తే వదులుగా వేలాడుతోంది. ఎవరైనా సాగిపోయిందనే అనుకుంటారు. బాబాయ్ దాన్ని భూతద్దం కింద పెట్టి చూపించారు. తీగ చుట్లు ఒకదానికొకటి అతుక్కునే ఉన్నాయి, ఎక్కడా విడిపోలేదు. వదులంతా కొక్కెంలోనే ఉంది. కావాలనే అలా చేస్తారట. స్పీడు తక్కువగా ఉన్నప్పుడు సన్నటి స్ప్రింగు ఒక్కటే బరువుల్ని పట్టి ఉంచుతుంది, అందుకే అడ్వాన్స్ చకచకా పెరుగుతుంది. బరువులు కొంత విచ్చుకున్నాక లావుపాటి స్ప్రింగు బిగుసుకుంటుంది, అక్కడి నుంచి అడ్వాన్స్ నెమ్మదిస్తుంది. పెట్రోలు మండటానికి పట్టే టైమ్ ఇంజిన్ స్పీడు పెరిగినంత వేగంగా తగ్గదు కాబట్టి స్పార్క్ ముందుగా పడాలి, అదీ ఒక లెక్క ప్రకారం ముందుగా పడాలి. ఆ లెక్కంతా ఈ రెండు చిన్న స్ప్రింగుల్లో ఉంది. సాగిపోయిందని దాన్ని పారేసి రెండు వైపులా బిగువైన స్ప్రింగులు వేసిన డిస్ట్రిబ్యూటర్లు చాలా ఉంటాయని ఆయన బాధగా అన్నారు. మీ దగ్గర అలాంటిది ఉంటే దయచేసి ఒకసారి చూసుకోండి.

తర్వాత లేత్ మిషన్ అన్న. పాయింట్ల గ్యాప్ దీనికి 0.014 నుంచి 0.016 అంగుళం. షాఫ్ట్ ఊగుతుంటే ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే రేకులు) ఎంత జాగ్రత్తగా పెట్టినా క్యామ్ ఒక్కో మూలకి గ్యాప్ ఒక్కోలా వస్తుంది. గ్యాప్ పెరిగితే పాయింట్లు ముందే తెరుచుకుంటాయి, తగ్గితే ఆలస్యంగా. ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే డిస్ట్రిబ్యూటర్ తిరిగేది 1500, చుట్టుకి నాలుగు స్పార్కులు, అంటే సెకనుకి 100. అందులో ఒక్కో సిలిండర్‌కి ఒక్కో టైమింగ్ అయితే ఇంజిన్ నిలకడగా ఎలా తిరుగుతుంది? అన్న మంచి బాడీలోంచి పాత బుష్ (షాఫ్ట్‌ని పట్టి ఉంచే గొట్టం లాంటి ముక్క) తీసి కొత్తది దింపారు. ఈ బుష్‌లు కంచు పొడిని ఒత్తి చేసినవి, ఒళ్లంతా సన్నటి రంధ్రాలుంటాయి. బిగించే ముందు 24 గంటలు ఇంజిన్ ఆయిల్‌లో నానబెట్టాలి. అర్జెంట్ అయితే 100 డిగ్రీల వేడి నూనెలో 2 గంటలు ఉంచి, చల్లారాక వాడొచ్చు. మనకి తొందరేముంది, నానబెడదాం అన్నారు అన్న.

షాఫ్ట్ కాస్త బిగువుగా ఉంది, రీమర్ (రంధ్రాన్ని గీకి పెద్దది చేసే పనిముట్టు) వేస్తే అయిపోతుంది కదా అని పక్కనున్న ఒకాయన అన్నారు. అన్న ఒప్పుకోలేదు. రీమర్ తగిలితే ఆ రంధ్రాలు పూడిపోతాయి, ఇక నూనె ఊరదు. షాఫ్ట్ కొలతకి నున్నగా పాలిష్ చేసిన మాండ్రెల్ (కడ్డీ) తయారు చేసి, దాని మీదే బుష్‌ని ప్రెస్ చేశారు. షాఫ్ట్ దించినప్పుడు తన బరువుకి తనే మెల్లగా జారి కింద ఆగింది. అది చూసి అన్న మొహంలో వచ్చిన వెలుగు నాకు బాగా గుర్తుండిపోతుంది. ఇంజిన్ తిప్పే కింది డ్రైవ్ డాగ్‌ని ఈ షాఫ్ట్‌కి బిగించేటప్పుడు కూడా ఆయన తొందరపడలేదు. డాగ్ పళ్లు సరిగ్గా మధ్యలో ఉండవు, ఒక పక్కకి జరిగి ఉంటాయి. తిరగేసి పిన్ను కొడితే రోటర్ ఎదురు వైపు చూస్తుంది, ఒకటో ప్లగ్గుకి రావాల్సిన స్పార్క్ నాలుగో దానికి పోతుంది. పాత షాఫ్ట్ మీద రోటర్ గాడి ఎటు ఉందో, పళ్లు ఎటు జరిగి ఉన్నాయో ముందు కాగితం మీద గీసుకుని, దాన్ని పక్కన పెట్టుకుని మరీ పిన్ను కొట్టారు.

కరెంటు పని అంతా అక్క వీడియో కాల్‌లో చూసుకున్నారు. పాయింట్ల స్ప్రింగు కూర్చునే చిన్న పోస్టు దగ్గర ఫైబర్ వాషర్లు, ప్లాస్టిక్ టోపీ ఏ వరసలో రావాలో ఒక్కొక్కటీ కెమెరా ముందు పెట్టించి చూశారు. కాయిల్ (స్పార్క్‌కి కావాల్సిన ఎక్కువ వోల్టేజి తయారుచేసేది) నుంచి వచ్చే వైరు, కండెన్సర్ (పాయింట్ల మధ్య మెరుపులు తగ్గించేది) వైరు, ఆ స్ప్రింగు మూడూ ఒకదానికొకటి తగలాలి, పోస్టుకి మాత్రం తగలకూడదు. పాయింట్ల మధ్య అట్టముక్క పెట్టించి, మల్టీమీటర్‌తో వైరుకీ బాడీకీ మధ్య చూపించమన్నారు. మీటర్ కూత పెట్టలేదు, అప్పుడు గానీ ముందుకు వెళ్లనివ్వలేదు. బేస్ ప్లేట్‌ని ఎర్త్ చేసే అల్లిక తీగ పీచులు పీచులుగా అయిపోయింది. మామూలు వైరు వేస్తే సరిపోదా అని అడిగాను. వాక్యూమ్ లాగిన ప్రతిసారీ ప్లేట్ కదులుతుంది, దాంతో పాటు తీగా వంగుతుంది, మామూలు రాగి వైరు కొన్నాళ్లకే లోపల తెగి, పైకి బాగానే కనిపిస్తుంది అని చెప్పి అసలైన మెత్తటి అల్లిక తీగ తనే పంపించారు. అక్కా, మీ ఓపికకి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

రోటర్‌లో లోపం కూడా అక్క కనిపెట్టిందే. కొత్తగా కొన్న రోటర్‌ని షాఫ్ట్ మీద పెట్టి, కాయిల్ నుంచి వచ్చే మెయిన్ వైరు కొసని దాని ఇత్తడి రేకుకి కొంచెం ఎడంగా పట్టి, చేతితో పాయింట్లు తెరిచి చూశాం (ఇన్సులేటెడ్ ప్లయర్లు లేకుండా మాత్రం ఈ పని చేయకండి). ఠక్కుమని స్పార్క్ దూకింది. రోటర్ బాగుంటే అలా దూకకూడదు, ఎందుకంటే దానికి కిందికి దారి ఉండదు. అంటే కరెంటు లోపలి నుంచి షాఫ్ట్‌లోకి దిగిపోతోందన్నమాట. డబ్బాలోని పాత రోటర్‌కి ఇదే టెస్ట్ చేస్తే ఏమీ రాలేదు. ఇప్పుడు కారులో ఉన్నది ఆ పాతదే.

వాక్యూమ్ యూనిట్ పంపిన తమ్ముడికి ప్రత్యేకంగా చెప్పాలి. దాని మీద కొట్టిన మూడు అంకెలు చూడకుండా ఏదో ఒకటి పంపడం చాలా తేలిక. ఎన్ని అంగుళాల వాక్యూమ్ దగ్గర మొదలవుతుంది, ఎంత దగ్గర ఆగుతుంది, ఎన్ని డిగ్రీలు లాగుతుంది అనేది ఆ మూడు అంకెలూ చెబుతాయి. మా బాడీ నంబర్‌కి ఏది రావాలో కనుక్కుని, తన దగ్గర ఉన్న వాటిల్లో వెతికి, గొట్టం నోటితో పీల్చి నాలుకతో మూసి డయాఫ్రమ్ పట్టు నిలుస్తోందో లేదో చూసి మరీ పంపాడు. డబ్బులు తీసుకోమంటే వినలేదు.

ఇక చివరగా డిస్ట్రిబ్యూటర్ టెస్టింగ్ మిషన్ ఉన్న పెద్దాయన. డిస్ట్రిబ్యూటర్‌ని కారులో పెట్టకముందే మిషన్ మీద బిగించి, స్పీడు పెంచుతూ ఎక్కడెక్కడ ఎంత అడ్వాన్స్ వస్తోందో గ్రాఫ్ కాగితం మీద చుక్కలు పెట్టి, మాన్యువల్‌లోని గీతతో పోల్చి చూశారు. చుక్కలన్నీ ఉండాల్సిన హద్దుల్లోనే పడ్డాయి. డ్వెల్ (పాయింట్లు మూసుకుని ఉండే కోణం) 60 డిగ్రీల దగ్గర నిలిచింది, స్పీడు పెంచినా కదల్లేదు. మూడు చోట్ల నుంచి వచ్చిన ముక్కలు ఒకే ఫ్యాక్టరీలో కలిసి పుట్టినట్టు పనిచేయడం చూస్తే గొంతు పట్టేసింది నాకు. ఆ గ్రాఫ్ కాగితం కారు కాగితాలతో పాటు దాచుకున్నాను.

ఇంకా కొందరున్నారు: కార్బన్ బ్రష్ స్ప్రింగు ఇచ్చినవాళ్లు, పాత మాన్యువల్ పేజీలు ఫొటోలు తీసి పంపినవాళ్లు, టైమింగ్ పెట్టిన రోజు స్ట్రోబ్ లైటు పట్టుకుని నిలబడినవాళ్లు. మీ అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

బాబాయ్ డబ్బాలో ఇంకా కొన్ని మిగిలాయి. ఒక బేస్ ప్లేట్, ఒక జత బరువులు, రెండు క్యాప్ క్లిప్పులు, వేరే ఇంజిన్‌కి చెందిన ఒక మంచి వాక్యూమ్ యూనిట్ ఉన్నాయి. అవసరమైన వాళ్లకి ఇచ్చేయమన్నారు ఆయన. కావాల్సినవాళ్లు మీ డిస్ట్రిబ్యూటర్ బాడీ మీది నంబర్, క్యామ్ అడుగున ఉన్న అంకె ఫొటో తీసి పంపండి. సరిపోతాయో లేదో బాబాయ్‌ని అడిగి చెబుతాను, సరిపోతే నేనే పంపిస్తాను.