పక్క మంచం పెద్దమ్మకు, మరికొందరికి కృతజ్ఞతలు

నిన్న సాయంత్రం మా పాప ఎస్‌ఎన్‌సీయూ (పసికందుల ప్రత్యేక చికిత్స వార్డు) నుంచి నా ఒళ్ళోకి వచ్చింది. నెలలు నిండకుండా పుట్టినందువల్ల బరువు ఇంకా రెండు కిలోలకు చేరలేదు. నాకు బీపీ మాత్రలు నడుస్తూనే ఉన్నాయి. కాన్పు అయ్యాక కూడా కొన్ని వారాలు ప్రమాదం పొంచి ఉంటుందని డాక్టర్లు హెచ్చరించారు. అయినా కాస్త కూర్చోగలిగిన ఈ పూటే ఇది రాయాలనిపించింది.

మావారూ, అమ్మా, అత్తయ్యా ఎంత చేశారో నాకు తెలుసు. నేను ముఖ్యంగా చెప్పవలసింది, పక్క మంచంలో ఉన్న కోడలికి తోడుగా వచ్చిన ఒక పెద్దమ్మ గురించి.

నన్ను పెద్దాసుపత్రిలో చేర్చేసరికి బీపీ 170/110, మూత్రంలో ప్రొటీన్, భరించలేని తలనొప్పి, కళ్ళ ముందు మెరుపులు. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఎక్కిస్తుంటే ఒళ్ళంతా నిప్పు రాజుకున్నట్టు మండింది. మగవాళ్ళను లోపలికి రానివ్వరు, అమ్మ ఇంకా బస్సులోనే ఉంది. ఎవరూ పిలవకుండానే ఆ పెద్దమ్మ వచ్చి, వాచిన నా కాలివేళ్ళకు బిగుసుకుపోయిన మెట్టెలకు కొబ్బరినూనె రాసి, నొప్పి తెలియకుండా మెల్లగా తిప్పుతూ తీసి, చేతిరుమాలులో ముడివేసి తలగడ కింద పెట్టింది. ఆపరేషన్ ఉందని నీళ్ళు ఇవ్వకపోతే తడిగుడ్డతో నా పెదవులు అద్దింది. నర్సమ్మ వచ్చి మోకాలి మీద తట్టి చూసి, మూత్రం కొలత రాసుకున్నప్పుడల్లా పెద్దమ్మ "మా బిడ్డకు ఎట్లున్నది?" అని అడిగింది. అంతవరకు బిగబట్టుకున్న ఏడుపు ఆ "మా బిడ్డ" అన్న మాటకు ఆగలేదు. నేను ఐసీయూ నుంచి వార్డుకు వచ్చేసరికి కోడలిని తీసుకుని వెళ్ళిపోయిందట. పెద్దమ్మా, మీ మనవడు చల్లగా ఉండాలి.

ఒక్క బాధ చెప్పకుండా ఉండలేను. పెద్దాసుపత్రికి పంపేముందే ఈ మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ మొదటి మోతాదు వేయవచ్చని, వేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నా, మొదట చూసినచోట మాకు చీటీ రాసిచ్చి పంపించేశారు. దారిలోనే గుర్రపువాతం (గర్భిణులకు బీపీ పెరిగి వచ్చే ఫిట్స్) కమ్మి ఉంటే మా పరిస్థితి ఏమిటి? మందు లేకపోతే తెప్పించి ఉంచవలసింది ఎవరు?

108 సిబ్బందికి, రాత్రంతా నిలబడే ఉన్న నర్సమ్మలకు నమస్కారాలు. కాళ్ళ వాపు చూసి బీపీ చూపించుకొమ్మని పట్టుబట్టిన మా ఆశా అక్కను పైన రాయనే లేదు. ఆమె లేకపోతే మేము బయలుదేరేవాళ్ళమే కాదు. రక్తం ఇచ్చిన మావారి స్నేహితుడికి, మా ఫోన్ చార్జింగ్ పెట్టి ఇచ్చిన క్యాంటీన్ తమ్ముడికి కూడా.