మూగజీవాల ఆసుపత్రికి చేయందించిన అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారమండీ.

కోనసీమలో ముక్తేశ్వరం దగ్గర కాలవ గట్టు పక్కన మీ అందరి డబ్బుతో లేచిన జంతువుల షెల్టరు, దాన్ని ఆనుకుని ఉన్న చిన్న ఆసుపత్రి పని మొదలుపెట్టాయి. గోడలకు వేసిన సున్నం ఇంకా ఆరనే లేదు. గేటుకు రంగు పడలేదు. అయినా పొద్దున్నే గుమ్మం ముందు కుక్కలు, పిల్లులు, మేకలు వరసలో ఉంటున్నాయి. ఎవరెవరి చెయ్యి పడితే ఇది నిలబడిందో మీ అందరికీ తెలియాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందుగా కొబ్బరికాయల దింపు, ఒలుపు పనివాళ్ళకు దణ్ణం పెట్టాలి. మేము చందా పుస్తకం పట్టుకుని వాళ్ళ దగ్గరికి వెళ్ళలేదు. అడగడానికి మనసొప్పలేదు. వాళ్ళే విని, తలా ఒక రోజు కూలి పోగుచేసి తెచ్చి ఇచ్చారు. చెట్టెక్కి దిగే మనిషికి ఒక రోజు కూలంటే ఏమిటో కోనసీమలో ఎవరికీ చెప్పక్కర్లేదు. తోటలో పామొస్తే ముందు అరిచేది కుక్కేనని, తాము పైనున్నంతసేపు కింద పిల్లల్ని కనిపెట్టుకుని ఉండేదీ అదేనని వాళ్ళలో ఒకాయన అన్నారు. ఆ డబ్బుతోనే పునాదికి మొదటి లోడు కంకర దిగింది.

రాజోలు, మలికిపురం వైపు నుంచి గల్ఫు వెళ్ళిన అక్కచెల్లెళ్ళు పంపిన సాయం గురించి ఎలా రాయాలో తెలియడం లేదు. అక్కడివాళ్ళ ఇళ్ళలో పనిచేసుకుంటూ, ఇక్కడ పిల్లల ఫీజులు కట్టుకుంటూ, అందులోంచి మిగిల్చి పంపారు. ఒకావిడ డబ్బుతో పాటు ఫోన్లో చిన్న సందేశం పెట్టారు. ఊళ్ళో వదిలివచ్చిన తన కుక్కను అమ్మ చూసుకుంటోందట, దానికి టీకా వేయించమని. వేయించామండీ. బాగుంది.

అమెరికాలో, హైదరాబాదులో ఉన్న మనవాళ్ళు ఆపరేషన్ బల్ల, పరికరాలు శుభ్రం చేసే ఆటోక్లేవు కొనిచ్చారు. ఇటుకలు, సిమెంటు అసలు ధరకే ఇచ్చిన వ్యాపారులకు, నీళ్ళ గిన్నెలు కొని తెచ్చిన హైస్కూలు పిల్లలకు, స్థలం ఇచ్చి పేరు రాయవద్దన్న రైతుగారికి మా నమస్కారాలు.

మన ప్రాంతంలో ఏది కట్టినా గోదారిని అడిగి కట్టాలి. స్థలం పల్లం. 1986 ఆగస్టు వరద కళ్ళారా చూసిన పెద్దాయన ఒకరు కర్ర పట్టుకుని నడిచొచ్చి, ఆనాడు నీళ్ళు ఎక్కడిదాకా నిలిచాయో పక్కనున్న కొబ్బరిచెట్టు మీద సుద్దముక్కతో గీత గీసి చూపించారు. తాపీ మేస్త్రిగారు ఇంకేమీ మాట్లాడకుండా ఆ గీతకు పైన అరుగు లేపారు. అందుకే మెరక మట్టికైన ఖర్చు మేము అనుకున్నదాన్ని దాటిపోయింది. ట్రాక్టర్లవాళ్ళు డీజిలు డబ్బులు మాత్రమే తీసుకుని మట్టి తోలకపోతే ఆ ఎత్తు మాకు అందేది కాదు.

ఎత్తు ఎందుకంత ముఖ్యమో గోదారి మధ్య లంకల్లో ఉండేవాళ్ళకు తెలుసు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక దాటి, 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగినప్పుడు మనుషులు నాటు పడవలెక్కి బయటపడ్డారు. గేదెల్ని ఏటిగట్టు మీద కట్టేసి, ఎండుగడ్డి కోసం ఊరూరా తిరిగారు. కుక్కలకు పడవలో చోటు లేదు. పొలాల్లో మకాముల (పశువుల పాకల) కప్పుల మీద, అరటితోటల గట్ల మీద మిగిలిపోయాయి. పసిపిల్లల్ని ఎత్తుకుని పడవెక్కిన మనిషిని మనం తప్పు పట్టలేం. ఇక మీద వరదొస్తే పశువుల్ని, కుక్కల్ని తెచ్చి దించడానికి ఒక మెరక చోటంటూ ఉంది. గడ్డివామి వేసుకోవడానికి వెనక జాగా కూడా వదిలాం.

షెల్టరు కట్టుకోండి చాలు, ఆసుపత్రి ఎందుకు, అంత ఖర్చు మోయగలరా అని మంచి మనసుతోనే చాలామంది అడిగారు. నా ఆలోచన చెబుతాను. ఆసుపత్రి లేకపోతే షెల్టరు ఎప్పటికీ చాలదు. జంతువును రోడ్డు మీద వదిలేసేవాళ్ళు అందరూ జాలి లేనివాళ్ళు కారు. చెరువు మీద కాపలా ఉండే ఒక తమ్ముడి కుక్కకు మెడ దగ్గర పుండు పురుగు పట్టింది. దూరం తీసుకెళ్ళాలంటే ఆటో కిరాయి, ఆ రోజు జీతం కోత, పైన మందులు. తెలిసినవాళ్ళు చెప్పిన పసరేదో రాసి చూశాడు. తగ్గక, ఇంట్లో వాసన భరించలేక గొలుసు విప్పి వదిలేశాడు. అలా వదిలేసిన కుక్క మా దగ్గరికి వచ్చింది. వెనకే ఆ తమ్ముడూ వచ్చాడు. పుండు శుభ్రం చేసి, పురుగులన్నీ తీసి, రోజూ కట్టు మారిస్తే తగ్గే జబ్బు అది. ఇప్పుడు మళ్ళీ చెరువు గట్టు మీద అతని వెంటే తిరుగుతోంది. ఇరవై రూపాయల మందు అందుబాటులో ఉంటే షెల్టరులో ఒక గూడు ఖాళీగా ఉంటుంది. మీ డబ్బు ఎక్కువ భాగం అక్కడే పెట్టడం సరైనదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

పాడి మీద బతికేవాళ్ళ సంగతి మరీ కష్టం. గేదెకు పొదుగువాపు వస్తే మొదటి రోజే చూపించాలి. ఆలస్యమైతే ఆ రొమ్ము పాలు ఎండిపోతాయి. పంటు (రేవు దాటించే పెద్ద పడవ) మీద కోటిపల్లి రేవు దాటి వచ్చిన ఒక అక్క, గేదెను తేలేక పాలు సీసాలో పట్టుకొచ్చి చూపించింది. డాక్టరుగారు ఆ సాయంత్రమే అవతలి ఒడ్డుకు వెళ్ళారు. పశుసంవర్ధక శాఖలో ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, జీతం మాట ఎత్తనివ్వడం లేదు. ఆయనకు ఎలా కృతజ్ఞత చెప్పాలో మాకు ఇంకా తెలియలేదు.

ఇక్కడ చూపించుకోవడానికి 30 రూపాయలు. మందులు కొన్న ధరకే. అదీ ఇవ్వలేనివాళ్ళను అడగం.

ఇన్వర్టరు ఇచ్చిన ఆక్వా రైతులకు ప్రత్యేకంగా చెప్పాలి. రేబిస్ టీకా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. మన దగ్గర గాలివాన వస్తే కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు. ఫ్రిజ్ ఆగితే టీకా పాడైపోతుంది. లక్షణాలు బయటపడ్డాక రేబిస్ నుంచి మనిషి బతకడం దాదాపు జరగదు కనుక ఆ ఫ్రిజ్ కాపాడేది కుక్కల్ని మాత్రమే కాదు, వీధిలో ఆడుకునే పిల్లల్ని కూడా. ఎవరినైనా కుక్క కరిస్తే పసరు, కారం పెట్టకండి. ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో పావుగంట కడిగి, వెంటనే సర్కారు ఆసుపత్రికి వెళ్ళి టీకా వేయించుకోండి.

వీధి కుక్కలకు పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్లు అనుమతులు అందాక మొదలుపెడతాం. వీధి కుక్కల గురించి కేంద్రం తెచ్చిన 2023 నిబంధనల ప్రకారం ఆపరేషన్ చేసి, టీకా వేసి, చెవికి గుర్తు పెట్టి, పట్టుకొచ్చిన వీధిలోనే వదలాలి. ఎక్కడికో తీసుకెళ్ళి వదిలేయమని అడిగేవాళ్ళు ఈ సంగతి గమనించండి.

ఇంకా కావాల్సినవి ఉన్నాయి. ఎక్స్-రే యంత్రం లేదు. విరిగిన కాళ్ళకు ఇప్పటికీ కాకినాడో రాజమండ్రో పంపాల్సి వస్తోంది. పిల్లుల గదికి జాలీ బిగించాలి. కొబ్బరి పీచు పట్టాలు ఎవరింట్లోనైనా పాతవి ఉంటే పంపండి, పడక కింద వేస్తాం. ప్రతి రూపాయి జమా ఖర్చు లోపలి గోడ మీద బోర్డులో రాసి పెట్టాం. వచ్చి చూసి, అర్థం కానిది ఏదైనా ఉంటే మొహమాటం లేకుండా అడగండి.

సెప్టెంబరు 28 రేబిస్ దినం. ఆ రోజు పొద్దున్నుంచి చీకటి పడేదాకా టీకాలు ఉచితం. మూడు నెలలు నిండిన కుక్కపిల్లల్ని తీసుకురండి. పిల్లుల్ని బుట్టలో పెట్టి గుడ్డ కప్పి తేవాలి, లేకపోతే బెదిరి పారిపోతాయి. జ్వరమొచ్చిందని పిల్లికి పారాసెటమాల్ మాత్రం వేయకండి, దానికది విషం. కదల్లేని పశువు ఉంటే 1962కు ఫోన్ చేయండి, సర్కారు బండి మీ దగ్గరికే వస్తుంది. గొలుసు లేనివాళ్ళు కొబ్బరితాడు కట్టి తెచ్చినా సరే, పట్టుకోవడానికి మావాళ్ళు గేటు దగ్గరే ఉంటారు.