సర్జికల్ వార్డులో నాకు పని నేర్పినవాళ్లకు

గుంటూరు కొత్తపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. బీఎస్సీ నర్సింగ్ అయ్యాక ఇదే మొదటి ఉద్యోగం, వేసింది సర్జికల్ వార్డులో. ఈ వారంతో ప్రొబేషన్ అయిపోయింది. కొందరికి అందరి ముందూ థ్యాంక్స్ చెప్పుకోవాలి. పేర్లు వద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

ముందుగా మా హెడ్ సిస్టర్ గారికి. ఓటీ (ఆపరేషన్ థియేటర్) నుంచి పేషెంట్ రాగానే నా కళ్లు మానిటర్ మీదికే పోయేవి. మేడం ముందు చెయ్యి పట్టుకుని చూడమనేవారు. ఒళ్లు చల్లబడిందా, చెమట పడుతోందా, డ్రెయిన్‌లో (ఆపరేషన్ చేసిన చోటి నుంచి రక్తం, నీరు బయటికి వచ్చే గొట్టం) ఎంత వచ్చింది, వీపు కింద చెయ్యి పెట్టి చూశావా అని వరసగా అడిగేవారు. రక్తం పక్కకు జారి వీపు కింద చేరితే పైన డ్రెస్సింగ్ శుభ్రంగానే కనిపిస్తుంది మరి. లోపల బ్లీడింగ్ అవుతుంటే చాలాసార్లు బీపీ పడిపోకముందే పల్స్ పెరుగుతుంది. ఇది నేను పరీక్షలో రాసిందే. కానీ ఒక రాత్రి గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయిన ఆవిడకి బీపీ బాగానే ఉండి, చూసిన ప్రతిసారీ పల్స్ పెరుగుతుంటే, తెల్లారేదాకా ఆగకుండా డ్యూటీ డాక్టరుకి ఫోన్ చేసే ధైర్యం మాత్రం మేడం ఇచ్చిందే. ఆవిడ క్షేమంగా ఇంటికెళ్లారు.

తర్వాత నైట్ డ్యూటీ అక్కకి. రక్తం ఎక్కించేటప్పుడు మొదటి 15 నిమిషాలు నన్ను మంచం పక్కనుంచి కదలనిచ్చేది కాదు. బ్యాగ్ నంబరు, గ్రూపు, పేషెంట్ పేరు ఇద్దరం పైకి చదివి సరిచూసుకోవాల్సిందే. అడిగిందే మళ్లీ అడిగినా విసుక్కోలేదు. వేరేచోట్ల చేరిన నా క్లాస్‌మేట్లు చెప్పే సంగతులు వింటే, ఇది చిన్న విషయం కాదనిపిస్తుంది.

ఇక మా ఆయమ్మ. హెర్నియా ఆపరేషన్‌కి మిర్చి యార్డు హమాలీ ఒకాయన వచ్చారు. ఘాటులో పనిచేసీ చేసీ పాత దగ్గు. కుట్లు లాగుతాయని దగ్గు బిగబట్టుకునేవారు. కఫం అలాగే ఉండిపోతే నిమోనియా రావచ్చని నేను ఎంత చెప్పినా తలూపి ఊరుకునేవారు. ఆయమ్మ దిండు తెచ్చి కుట్ల మీద పెట్టి, "బాబాయ్, ఇట్టా అదిమి పట్టుకుని దగ్గు, ఏం కాదు" అంది. దగ్గారు! ఆ వెంటనే టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎప్పటినుంచి మోయొచ్చని అడిగారు. అది డాక్టరుగారే చెప్పాలన్నాను.

కడుపు ఆపరేషన్ అయినవాళ్లని "గ్యాస్ పోయిందా?" అని అడగడానికి మొదట్లో నాకు మహా సిగ్గు. పేగులు కదులుతున్నాయో లేదో తెలియాలంటే అడగక తప్పదు. ఆయమ్మైతే వార్డంతా వినపడేలా అడిగేస్తుంది. ఇప్పుడు నేనూ అంతే.

ఆపరేషన్ నొప్పిలో కూడా "నిదానంగా పెట్టమ్మా" అంటూ క్యాన్యులాకి (సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నని గొట్టం) చెయ్యి చాపిన పేషెంట్లందరికీ దండాలు.

నైట్ డ్యూటీ అక్క వచ్చే నెల ఐసీయూకి మారుతోంది. హ్యాండోవర్‌లో, అంటే డ్యూటీ మారేటప్పుడు తర్వాతి నర్సుకి పేషెంట్లను అప్పగించేటప్పుడు, ఏం చెప్పాలో తను నాకు రాసిచ్చిన కాగితం జిరాక్స్ తీయించాను. మా వార్డులో కొత్తగా చేరేవాళ్లు అడిగి తీసుకోండి.