చేతికొచ్చిన లెన్సు చూసుకున్నాకే డబ్బు చేరాలి: కేంద్ర వినియోగదారుల వ్యవహారాల మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడిలో ఉంటాను. పెళ్లి ఫోటోలు తీయడం నా వృత్తి. మా ఊరి పక్కనే పాతపట్నం, అది ఆంధ్ర. అటు శ్రీకాకుళం జిల్లా, ఇటు గుణుపురం, బరంపురం దాకా ఎవరు పిలిచినా వెళ్తాను. మా తెలుగు పెళ్లిళ్లలో ముహూర్తం చాలాసార్లు రాత్రి ఒంటిగంటకో రెండింటికో పడుతుంది. జీలకర్రబెల్లం పెట్టే ఆ నిమిషం మళ్లీ రాదు. పందిట్లో వెలుతురు చాలదు, పంతులుగారి చుట్టూ చుట్టాలు మూగిపోతారు, నేను దూరంగా నిలబడి తీయాలి. అప్పుడు చేతిలో వెలుతురు ఎక్కువగా లోపలికి రానిచ్చే ఎఫ్ 2.8 లెన్సు ఉంటే పెళ్లికూతురి కళ్లు కనబడతాయి, లేకపోతే మసక మిగులుతుంది. రైతుకి నాగలి ఎలాంటిదో నాకు లెన్సు అలాంటిది.

దూరం నుంచి దగ్గరగా తీసే నికాన్, కెనాన్ కొత్త 70-200 ఎఫ్ 2.8 లెన్సు ధర లక్షన్నర పైమాటే. నాలాంటివాడు ఒక సీజన్ మొత్తం సంపాదించినా అంత మిగలదు. అదృష్టవశాత్తూ పాత లెన్సులు ఇప్పుడు బాగా దొరుకుతున్నాయి. 2018లో నికాన్, కెనాన్ రెండూ లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలకి కొత్త మౌంట్లు, అంటే లెన్సు తగిలించే అమరికలు, తెచ్చాయి. అప్పటినుంచి పెద్ద ఊళ్ల ఫోటోగ్రాఫర్లు కొత్తవాటికి మారిపోతూ, అద్దం ఉండే పాత డీఎస్ఎల్ఆర్ కెమెరాల లెన్సులు అమ్మేస్తున్నారు. అవి మంచి సరుకే, ఇంకా పదేళ్లు పనిచేస్తాయి. కానీ అవి ఉండేది ముంబైలోనో బెంగళూరులోనో. మా ఊళ్లో పాత లెన్సులమ్మే కొట్టు లేదు. కాబట్టి మాకు ఆన్‌లైన్ వేలమే దిక్కు.

కిందటి మాఘమాసం పెళ్లిళ్లకి ముందు నేనూ ఒక సైట్‌లో వేలం పాడాను. లెన్సు బొమ్మల కింద "మింట్ కండిషన్", అంటే కొత్తదానిలా ఉందని, రాసి ఉంది. పాట 30,000 దగ్గర మొదలైంది. ఆఖరి రోజు సాయంత్రానికి 44,000 దగ్గర ఆగి ఉంది. చివరి పది నిమిషాల్లో ఎక్కడినుంచో రెండు ఖాతాలు వచ్చి పోటీపడి ఐదువందలు, ఐదువందలు పెంచుతూ పోయాయి. ఎదురుగా గడియారం తిరుగుతోంది. టెన్షన్‌లో నేనూ పెంచాను. 58,500 దగ్గర నాకు ఖాయమైంది. అప్పు తెచ్చి ఆ రాత్రే కట్టేశాను.

పార్సిల్ వచ్చింది. పైకి లెన్సు తళతళలాడుతోంది. రాత్రి ఫోన్ టార్చి వెనకనుంచి వేసి చూస్తే లోపలి గాజు మీద సాలెగూడు లాంటి తెల్లని పోగులు. ఫంగస్. అమ్మినతన్ని అడిగితే "ఉన్నది ఉన్నట్టు అమ్ముతున్నానని రాశాను, చదువుకోలేదా" అన్నాడు. సైట్‌వాళ్లు "మేం మధ్యవర్తులం మాత్రమే" అన్నారు. వారం తిరిగేసరికి అతని ఖాతా మూతపడింది. తీరిగ్గా వెనక్కి వెళ్లి చూస్తే, నాతో పోటీపడ్డ ఆ రెండు ఖాతాలూ అంతకుముందు అతని సరుకు మీద తప్ప ఇంకెక్కడా పాడలేదు.

ఫంగస్ గురించి నాలుగు మాటలు చెప్పాలి, ఎందుకంటే సమస్యంతా అక్కడే ఉంది. మాది సముద్రం గాలి తగిలే ప్రాంతం. గాలిలో తేమ అరవై, అరవై ఐదు శాతం దాటి అలాగే ఉంటే, చీకట్లో బ్యాగులో పడి ఉన్న లెన్సులో ఫంగస్ పుడుతుంది. మొదట్లో పట్టుకుంటే విప్పి తుడిపించవచ్చు. ఆలస్యమైతే అది గాజు మీది పూతని తినేస్తుంది, ఆ మరక ఇక పోదు. మామూలు ఎండలో తీసిన ఫోటోలో ఈ లోపం తెలియదు. రాత్రి పందిట్లో సీరియల్ బల్బుల ఎదుట తెలుస్తుంది. ప్రతి బల్బు చుట్టూ పొగలాంటి వెలుగు పరుచుకుని పెళ్లికూతురి మొహం వెలిసిపోతుంది. ముందునుంచి లైటు వేసి తీసిన బొమ్మల్లో, అంటే వేలం సైట్లలో పెట్టే బొమ్మల్లో, ఇది దాదాపు కనబడదు. కాబట్టి అమ్మేవాళ్లందరూ మోసగాళ్లని నేను అనను. తమ లెన్సులో ఫంగస్ ఉందని తెలియకుండానే అమ్మేవాళ్లు చాలామంది ఉంటారు. అలాగే లోపలికి వచ్చే వెలుతురుని తగ్గించి పెంచే ఎపర్చర్ రెక్కల మీద నూనె, గాజు పలకల మధ్య జిగురు ఊడటం, ఫోకస్ మోటారు అరుగుదల, ఇవేవీ బొమ్మలో కనబడవు. వస్తువు చేతిలోకి రావాలి, కెమెరాకి తగిలించాలి, ఎపర్చర్ పూర్తిగా తెరిచి గోడకి అంటించిన న్యూస్‌పేపర్‌ని ఫోటో తీసి నాలుగు మూలలూ చూడాలి. గంట పని. ఆ గంట మాకు ఇవ్వమనే ఈ లేఖ.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా జిల్లాని ముంచెత్తినప్పుడు నా స్నేహితుడి స్టూడియోలోకి నీళ్లొచ్చాయి. ఐదు లెన్సులు తడిశాయి. పైన తుడిచి ఆన్‌లైన్‌లో పెట్టేయమని చాలామంది చెప్పారు. అతను ఒక్కోదాని మీద "వరద నీళ్లలో తడిసింది, విడిభాగాలకి మాత్రమే" అని కాగితం అంటించి, వచ్చినంతకి ఇచ్చేశాడు. ఆ నిజాయితీకి అతను చాలా నష్టపోయాడు. అతనిలాంటి అమ్మకందారుకి కూడా మంచి పద్ధతి కావాలి. నిజం రాసినవాడి సరుకు తక్కువకి పోయి, దాచినవాడి సరుకు ఎక్కువకి పోతుంటే ఎవరు నిజం రాస్తారు?

అయ్యా, చట్టం లేదని నేను అనడం లేదు. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. ముందు చూడని సరుకు చేతికొచ్చినప్పుడు, దాన్ని పరీక్షించుకోవడానికి తగిన అవకాశం దొరికేదాకా కొన్నవాడు దాన్ని ఒప్పుకున్నట్టు కాదని 41వ సెక్షన్ చెబుతోంది. 64వ సెక్షన్ వేలం గురించే. ధర పెంచడానికి అమ్మేవాడు దొంగపాట పాడిస్తే కొన్నవాడు ఆ బేరాన్ని రద్దు చేసుకోవచ్చని అందులో ఉంది. దాదాపు వందేళ్ల కిందటే ఇంత స్పష్టంగా రాశారు. మా పల్లెల్లో చెరువు చేపల వేలానికి ధరావతు కట్టినవాడే పాట పాడాలి, పాడేది ఎవరో అందరికీ కనబడుతుంది. ఆన్‌లైన్‌లో ధరావతు లేదు, మనిషి లేడు, పేరు కూడా నిజం కాదు.

తర్వాత 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది, దాని కింద 2020 జులైలో ఈ-కామర్స్ నియమాలు వచ్చాయి. ఫిర్యాదుల అధికారి ఉండాలి, 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. మంచి నియమాలు. కానీ వాటిలోనే ఒక మినహాయింపు ఉంది. వ్యాపారంగా కాకుండా సొంత హోదాలో అమ్మే వ్యక్తికి ఈ నియమాలు వర్తించవు. ఇంట్లో ఉన్న ఒక్క పాత లెన్సు అమ్ముకునే మనిషిని ఇబ్బంది పెట్టకూడదనే అలా రాసి ఉంటారు, అది అర్థమవుతుంది. కాని పాత లెన్సుల బేరాల్లో ఎక్కువ భాగం జరిగేది అలాంటి వ్యక్తుల మధ్యే. అమ్మినవాడు "నేను వ్యాపారిని కాను" అంటాడు, సైట్ "మేం అమ్మలేదు" అంటుంది, మధ్యలో నా 58,500 పోయింది.

నేను అడుగుతున్న ముఖ్యమైన విషయం ఒక్కటే. అమ్మేది వ్యక్తి అయినా, వేలం నడిపి కమిషన్ తీసుకునేది సంస్థ. ఆ సంస్థ మీద ఒక బాధ్యత పెట్టండి: పాత వస్తువు కొన్నవాడి చేతికి వచ్చాక మూడు రోజులు గడిచేదాకా డబ్బు అమ్మినవాడికి ఇవ్వకూడదు. ఆ మూడు రోజుల్లో ఫిర్యాదు వస్తే అది తేలేదాకా డబ్బు కదలకూడదు. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. ఈబే మన దేశంలో సైట్ నడిపిన రోజుల్లో పైసాపే అనే ఏర్పాటు ఉండేది. కొన్నవాడి డబ్బు నేరుగా అమ్మినవాడికి పోకుండా మధ్యలో ఆగేది. ఆ సైట్ 2018 ఆగస్టులో మూతపడింది. నేను నా మొదటి 50 ఎం.ఎం. లెన్సు అక్కడే కొన్నాను, అది ఈ రోజుకీ నా బ్యాగులో ఉంది. చెల్లింపులు మధ్యలో నడిపే సంస్థలు వ్యాపారుల డబ్బుని ఎస్క్రో ఖాతాలో, అంటే మధ్యలో విడిగా ఆపే ఖాతాలో, ఉంచాలని రిజర్వు బ్యాంకు 2020 మార్చిలోనే నిబంధనలు పెట్టింది. దారి ఉంది, పాత సరుకు వేలాలకి కూడా దాన్ని తప్పనిసరి చేయాలి.

ఇందులో అమ్మేవాళ్ల భయం కూడా న్యాయమైనదే. మంచి లెన్సు తీసుకుని, తన దగ్గరున్న పాడైన లెన్సు డబ్బాలో పెట్టి తిప్పి పంపే కొనుగోలుదారులు ఉన్నారు. దానికి మందు సీరియల్ నంబరు. దాదాపు ప్రతి లెన్సు మీదా అది ఉంటుంది. వేలానికి పెట్టేటప్పుడే ఆ నంబరు కనబడేలా, వెనకనుంచి టార్చి వేసి తీసిన చిన్న వీడియో పెట్టడం తప్పనిసరి చేస్తే రెండు వైపులా రక్షణ.

సీరియల్ నంబరుతో ఇంకో మేలు జరుగుతుంది. దొంగిలించిన ఫోన్ అమ్మకుండా ప్రభుత్వం సంచార్ సాథీ అనే ఏర్పాటు పెట్టింది. పాత ఫోన్ కొనేముందు KYM అని కొట్టి, దాని గుర్తింపు సంఖ్య అయిన ఐఎంఈఐ నంబరుని 14422కి మెసేజ్ చేస్తే ఆ ఫోన్ సంగతి తెలుస్తుంది. ఫోన్ కన్నా ఖరీదైన లెన్సులు, కెమెరాలు పెళ్లి పందిళ్లలో, రైళ్లలో పోతుంటాయి. వాటికి అలాంటి పట్టిక లేదు. పోలీసు ఫిర్యాదుతో పాటు సీరియల్ నంబరు నమోదు చేసే ఒక చోటు ఉంటే, వేలం సైట్ ఆ నంబరు చూసుకుని సరుకు పెట్టనిస్తుంది. ఇంకో ఫోటోగ్రాఫరు దగ్గర దొంగిలించిన లెన్సుని నేను తెలియక కొనే ప్రమాదం తప్పుతుంది.

దొంగపాటల విషయం కూడా చూడండి. తప్పుడు తొందర పుట్టించి కొనిపించడాన్ని మీ శాఖే 2023 నవంబరులో డార్క్ ప్యాటర్న్‌ల, అంటే కొనేవాణ్ని మాయచేసే ఆన్‌లైన్ ఎత్తుగడల, మార్గదర్శకాల్లో నిషేధించింది. వేలంలో నకిలీ పాటగాళ్లు చేసేదీ అదే పని. పాడేవాళ్ల నుంచి చిన్న ధరావతు తీసుకున్నా సగం దొంగపాటలు ఆగుతాయని నా నమ్మకం.

మరో మాట. "ఉన్నది ఉన్నట్టు" అనే ఆ షరతు సైట్‌లో ఇంగ్లిషులో, చిన్న అక్షరాల్లో, నాలుగో పేజీలో ఉంది. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు మాస్టారుగా పనిచేసిన ఊరు మాది. మా ఇళ్లలో తెలుగు, బజారులో తెలుగూ ఒడియా రెండూ. డబ్బు కట్టే బటన్ పక్కనే "ఈ సరుకు వాపసు తీసుకోరు" అని మా భాషలో ఒక్క వాక్యం ఉంటే నేను ఆ రాత్రి ఆగేవాణ్ని.

నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను, తెలుగులోనే మాట్లాడారు, ఓపిగ్గా విన్నారు. అందుకు కృతజ్ఞతలు. సొంత ఉపాధి కోసం కొన్న పనిముట్టు కాబట్టి నేను వినియోగదారుణ్నేనని, నేనుండే జిల్లాలోనే కేసు వేయవచ్చని, ఐదు లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదని తెలిసింది. వేస్తున్నాను. కానీ నోటీసు ఎవరికి పంపాలి? అమ్మినతని పేరు, చిరునామా సైట్ ఇవ్వలేదు. వేలం ముగిసి గొడవ వచ్చినప్పుడైనా అమ్మినవాడి అసలు వివరాలు కొన్నవాడికి ఇవ్వాలని ఒక్క నియమం రాయండి.

ఈలోగా మా దగ్గరి ఫోటోగ్రాఫర్లకి నేను చెప్పగలిగింది చెబుతున్నాను. టార్చి వీడియో అడగండి, ఇవ్వకపోతే వదిలేయండి. సైట్ బయట యూపీఐలో పంపమంటే పంపకండి, మనం పిన్ కొట్టి పంపిన డబ్బు వెనక్కి రావడం చాలా కష్టం. మీ కెమెరాలో ఫోకస్ మోటారు లేకపోతే నికాన్ పాత ఏఎఫ్-డి లెన్సులు ఆటోఫోకస్ చేయవు, ఆ సంగతి అమ్మేవాడు చెప్పడు. పార్సిల్ సీలు విప్పడం నుంచి లెన్సు తగిలించడం దాకా ఆపకుండా వీడియో తీయండి. మోసం అని తేలితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఆ లెన్సు నా దగ్గరే ఉంది, తేమ పీల్చే సిలికా జెల్ సంచులతో విడిగా డబ్బాలో పెట్టాను, మిగతావాటికి ఫంగస్ అంటుకోకూడదని. పార్సిల్ విప్పిన వీడియో, ఆ రెండు ఖాతాల పాటల వివరాలు, సైట్‌తో నడిచిన ఉత్తరాలు అన్నీ దాచి ఉంచాను. మీ శాఖ నుంచి ఎవరు అడిగినా, ఢిల్లీకైనా భువనేశ్వర్‌కైనా, వాటిని తీసుకుని నేనే వస్తాను.

ఇట్లు,
ఒక పెళ్లి ఫోటోగ్రాఫరు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా