ఆదివారం మన విమానం రెక్క లోడ్ టెస్ట్, ఇసుక మూటల సంగతి
అన్నలూ, ఆదివారం పొద్దున ఏడుకల్లా అనంతపురం షెడ్డుకి రండి. లెక్క ఇదీ: విమానం 600 కేజీలు, 3.8 జీ (అంటే బరువుకి 3.8 రెట్ల భారం), దానిమీద సేఫ్టీ 1.5 రెట్లు. మొత్తం 3,420, ఒక్కో రెక్కకు 1,710 కేజీలు. రెక్క సొంత బరువుకి కొంత తగ్గుతుంది, అది నేను చూసుకుంటా.

రెక్కను తలకిందులుగా బిగిస్తాం. గాలి పైకి లేపే బలం బదులు మూటలు కిందికి నొక్కుతాయి. రెక్క మొదట్లో, అంటే విమానం ఒంటికి అతికే వైపు, ఎక్కువ మూటలు, కొసకి తక్కువ పేర్చండి. స్పార్ (రెక్క లోపలి పొడుగాటి దూలం) మీద వంపు భారం అన్నిటికన్నా ఎక్కువ పడేది ఆ మొదట్లోనే, అక్కడ ఎవరూ కొత్త బెజ్జం వేయొద్దు (పోయినసారి వైరు కోసం వేసిందెవరో నాకు తెలుసు). స్ప్రూస్ కర్ర లాగుడుకన్నా నొక్కుడుకే ముందు లొంగుతుంది, అందుకే ఎగిరేటప్పుడు నొక్కుడు పడే స్పార్ పై పట్టీ మందం పెంచాం.

శెనక్కాయ మూటలు తేవద్దబ్బా, ఇసుకే. రెక్క కింద ఎవరూ దూరొద్దు.