కోతలకు ప్రతిపక్షం జవాబేది?

సంపాదకులకు,

ప్రభుత్వం ఖర్చులు తగ్గిస్తాననగానే ప్రతిపక్షాలు అయితే వీధికెక్కుతాయి, లేదంటే ‘మేమైతే కాస్త మెల్లగా కోస్తాం’ అంటాయి. రెండోది మరీ ఘోరం. బ్రిటన్‌లో 2010 తర్వాత లేబర్ పార్టీ చేసిందదే. ఆర్థిక మంత్రి జార్జ్ ఆస్బోర్న్ కోతలు మరీ ఎక్కువ, మరీ త్వరగా అంటూనే బడ్జెట్ లోటు తగ్గించాల్సిందేనని ఒప్పుకుంది. 2015లో మళ్లీ ఓడింది. ఆ జులైలో సంక్షేమ కోతల బిల్లు వస్తే, ఓటింగుకు దూరంగా ఉండమని తన ఎంపీలకు చెప్పింది. 48 మంది ఆ మాట వినలేదు. కాదనడానికే టెన్షన్ పడితే అదేం ప్రతిపక్షం?

అలాగని ఒట్టి కేకలూ చాలవు. గ్రీసులో సిరిజా పార్టీ కోతలు వద్దంటూ 2015 జనవరిలో గెలిచింది. జులై రెఫరెండంలో (ప్రజాభిప్రాయ సేకరణలో) 61 శాతం మంది, దేశానికి అప్పిచ్చిన రుణదాతల షరతులను తిరస్కరించారు. పది రోజులైనా గడవకముందే ప్రభుత్వం ఆ రుణదాతలకే తలొగ్గింది. ‘వద్దు’ తర్వాత ఏమిటన్నది ముందే ఆలోచించుకోలేదు మరి.

దేశ బడ్జెట్‌ను ఇంటి బడ్జెట్‌తో పోల్చడం పాలకులకు భలే సులువు. కానీ ఒకరి ఖర్చే మరొకరి ఆదాయం. జనం, కంపెనీలు చేతులు బిగించిన వేళ ప్రభుత్వం కూడా బిగిస్తే పన్నుల రాబడే పడిపోతుంది. కోతల దెబ్బను తక్కువగా అంచనా వేశామని 2012లో అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) కూడా ఒప్పుకుంది. ప్రతిపక్షం ఈ మాట జనానికి అర్థమయ్యేలా చెప్పాలి. సొంత బడ్జెట్ లెక్క కూడా సభలో పెట్టాలి, ఎవరిపై పన్ను పెంచుతారో దాచకుండా.

- ఒక పాఠకుడు