అస్సాం పోయే బిడ్డకు

బిడ్డా,

నీ మొదటి పోస్టింగ్ అస్సాంలో వరద సహాయం పని అని తెలిసినప్పటి నుంచి అమ్మకు ఒకటే టెన్షన్. నాకు లేదని కాదు. ఫోన్‌లో చెబుదామంటే "అవన్నీ ట్రైనింగ్‌లో చెప్పారు నాయినా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా, తీరిగ్గా చదువుకో.

ట్రైనింగ్‌లో చెప్పేవాళ్లు ఇచ్చే వైపు ఉన్నవాళ్లు. మేం తీసుకునే వైపు నిలబడ్డవాళ్లం. 2009 అక్టోబరులో తుంగభద్ర వరద మన రాజోలి మీద పడ్డప్పుడు నువ్వు చిన్నపిల్లవు, నీకు గుర్తున్నదల్లా స్కూల్లో పంచిన పులిహోరే. నీళ్లు తీశాక ఇంట్లోకి పోయి చూస్తే మగ్గం గుంత నిండా ఒండ్రు, పడుగు మీదున్న నూలు, జరీ బురదలో కలిసి ముద్దయిపోయింది, దారాలను దువ్వెనలా పట్టే అచ్చు ఎటు పోయిందో, నూలును అటూ ఇటూ తీసుకుపోయే నాడె ఎటు పోయిందో తెలియదు. అలాంటి ఇంటికి లారీలో ఏం వచ్చాయో తెలుసా? పాత చీరలు. చీరలు నేసే ఊరికి చిరిగిన నైలాన్ చీరలు! 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో కూడా ఇట్లాగే పాత బట్టలు రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉన్నాయట. పంపినవాళ్ల మనసు మంచిదే, కాదనను. కానీ ఒక్కరైనా వచ్చి మీకేం కావాలని అడిగి ఉంటే నూలు కావాలి, అచ్చు కావాలి, గుంత తోడిపించుకోవడానికి కూలి డబ్బులు కావాలి అని చెప్పేవాళ్లం.

అడగడంలో కూడా ఎవరిని అడుగుతున్నావో చూసుకో. లారీ రోడ్డు మీద ఆగితే ముందు ఉరికేది బలమున్నవాళ్లు, వాళ్లకే రెండేసి దుప్పట్లు, లోపలి వాడలో ఒంటరి ముసలమ్మకు లారీ వచ్చిన సంగతే తెలియదు. ముందురోజే తిరిగి టోకెన్లు ఇవ్వండి, లిస్టు నలుగురిలో చదవండి, తప్పిపోయినవాళ్ల పేర్లు ఊళ్లో ఆడవాళ్లే చెబుతారు. ఇంకొకటి, లిస్టులో ఎప్పుడూ సొంతదారుల పేర్లే ఉంటాయి. మన దగ్గర మగ్గం ఒకరిది, కూలికి నేసేది ఇంకొకరు. మగ్గం పోయిందని పరిహారం రాస్తే అది సొంతదారుకు పోతుంది, నేసినవాడికి పనీ పోయె, డబ్బూ రాకపాయె. కౌలుకు చేసేవాళ్లదీ అంతే. అక్కడ కూడా ఈ ఇల్లు ఎవరిది అని ఒక్కటే అడగకు, ఈ ఇంట్లో కూడు ఎట్లా వస్తుంది అని అడుగు. అస్సాంలో చాలా ఇళ్లలో ఆడవాళ్లే మగ్గం నేస్తారట కదా, అక్కడి సువాల్‌కుచి ఊరి పట్టు గురించి మా నేతగాళ్లలో తెలియనివాళ్లు లేరు. మునిగిన ఇంట్లో బియ్యం సంగతి అందరూ అడుగుతారు, నువ్వు మగ్గం సంగతి కూడా అడుగు, నువ్వు నేతగాని బిడ్డవని వాళ్లకు అర్థమవుతుంది.

సహాయ శిబిరంలో మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు, ఉండటానికి మూడున్నర చదరపు మీటర్ల చోటు, 20 మందికి ఒక మరుగుదొడ్డి అని నువ్వు చెప్పిన లెక్కలు బాగున్నాయి. పదిహేను లీటర్లంటే మనింట్లో పెద్ద బిందెకు అటూ ఇటూ, తాగడానికీ వండుకోవడానికీ కడుక్కోవడానికీ అంతా అందులోనే. కానీ లెక్క సరిపోయినంత మాత్రాన సరిపోదు. మరుగుదొడ్డికి లోపల గడియ లేకపోతే, దారిలో లైటు లేకపోతే ఆడవాళ్లు పొద్దుగూకాక అటు పోరు, పోకుండా ఉండటానికి నీళ్లు తాగడమే మానేస్తారు. మన ఊరి వరదప్పుడు మీ అమ్మ చేసింది అదే, జ్వరం వచ్చినప్పుడు కూడా ఎవరికీ చెప్పలేదు. నెలసరి బట్టల సంగతి కూడా మగవాళ్లు అడిగితే ఎవరూ నోరు విప్పరు, అది నీలాంటి ఆడపిల్ల పోయి అడగాల్సిందే.

టాంకర్ నీళ్లలో క్లోరిన్ వాసన వస్తోందని పారబోసి, బురద కలిసిన బోరు దగ్గరికే పోయినవాళ్లను నేను చూసిన. కొత్త మొహం చెబితే వినరు, ఊళ్లో ఆశా కార్యకర్త చెబితే వింటారు. నీకు ఎట్లాగూ వాళ్ల భాష రాదు, కాబట్టి అలాంటి మనిషిని మొదటి రోజే పట్టుకో.

డబ్బు నేరుగా ఇవ్వడం మంచిదే, ఎవరికేం కావాలో వాళ్లే కొనుక్కుంటారు, అయితే దగ్గర్లో అంగడి తెరిచి ఉండాలి, అందులో సరుకుండాలి. ఫొటోల కోసం ముసలివాళ్లను నిలబెట్టకు. చేతిలో లేనిదానికి మాట ఇవ్వకు. రేపు వస్తామని చెప్పి రానివాళ్ల కోసం మేం కూలికి పోకుండా రోడ్డు మీద కూర్చున్నం, ఆ రోజు కూలి ఎవరిస్తారు?

నువ్వు మాత్రం కాచిన నీళ్లే తాగు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు బ్యాగులో పెట్టుకో, వరద నీళ్లలో వట్టి కాళ్లతో దిగకు. పుండు ఉంటే అసలే దిగకు. గమ్ బూట్లు వాళ్లే ఇస్తారా, మనం కొనాలా? అమ్మ సకినాలు చేస్తోంది, లగేజీ ఎక్కువవుతుందని ఆమె ముందు అనకు. జీతం ట్రైనింగ్ నెల నుంచే లెక్కేస్తారో లేదో కూడా కనుక్కుని చెప్పు.

నాయిన